పాల్వంచలో గులాబీ మడులు, వాటి ముందు బొమ్మ వేసుకునే చోటు

కొత్తగూడెం నగరపాలక సంస్థ కమిషనర్ గారికి,



పాల్వంచ, కొత్తగూడెం మున్సిపాలిటీలు, సుజాతనగర్ మండలంలోని కొన్ని పంచాయతీలు కలిసి 2025లో ఒకే నగరపాలక సంస్థ అయ్యాయి. కొత్త సంస్థ అన్నాక హద్దులు, పద్దులు, నియమాలు అన్నీ మళ్లీ రాసుకోవాల్సి వస్తుంది. పార్కుల నియమాలూ అందులో ఉంటాయి. పాత కాగితాల్లోంచి వాటిని ఉన్నవి ఉన్నట్టు ఎక్కించకముందే మీ దృష్టికి ఒక కోరిక తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. పాల్వంచ వైపు పార్కుల్లో ఏదో ఒకదానిలో కొన్ని మడులు గులాబీలకే కేటాయించండి. ఆ మడుల ముందు ఎవరైనా కూర్చుని పెన్సిల్‌తో గీసుకోవచ్చని, నీటిరంగులతో బొమ్మ వేసుకోవచ్చని, అందుకు అనుమతి పత్రం గానీ అదనపు రుసుము గానీ అక్కర్లేదని ఉత్తర్వు ఇవ్వండి. 2019 నాటి తెలంగాణ మున్సిపాలిటీల చట్టం బడ్జెట్‌లో పది శాతాన్ని పచ్చదనానికి పక్కన పెట్టమంటోంది. కాబట్టి డబ్బు ఏ పద్దులోంచి తేవాలన్నది పెద్ద చిక్కు కాదు. పెంచిన పచ్చదనాన్ని జనం ఏ విధంగా వాడుకోవాలన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

మన పార్కులు ఎవరి కోసం కట్టారో ఒకసారి చూడండి. చుట్టూ నడకదారి, ఒక పక్క వ్యాయామ పరికరాలు, ఇంకో పక్క పిల్లల జారుడుబల్లలు, మధ్యలో అడుగు పెట్టకూడని పచ్చిక, అంచుల్లో సిమెంటు బల్లలు. నడిచేవాళ్లకు, ఆడుకునేవాళ్లకు, కాసేపు కూర్చుని లేచిపోయేవాళ్లకు ఈ ఏర్పాటు సరిపోతుంది. ఒకే మొక్క ముందు రెండు గంటలు కదలకుండా కూర్చునే మనిషి మాత్రం ఈ లెక్కలో ఎక్కడా లేడు. బల్లలు దారి వైపు తిరిగి ఉంటాయి, పూలేమో వీపు వెనక ఉంటాయి. చాప పరిస్తే పచ్చిక పాడవుతుందంటారు, మడత స్టూలు వేసుకుంటే దారికి అడ్డమంటారు. అట్ట, రంగుల డబ్బా, నీళ్ల సీసా, స్టాండు కనబడితే సినిమా షూటింగో, పెళ్లి ఫొటోల బేరమో అనుకుంటారు. పార్కుల్లో అనుమతి తీసుకోవాల్సిన పనులుగా కాపలాదారుకు తెలిసినవి అవే మరి. ఇందులో అతని తప్పేమీ లేదు. రాసిపెట్టి లేని విషయంలో కుదరదనడమే అతనికి క్షేమం. అతని మంచితనం మీద ఆధారపడే అవసరం ఎవరికీ రాకూడదు, పై అధికారి ఏమంటారో అన్న భయం అతనికీ ఉండకూడదు. అందుకే రాతపూర్వకంగా కావాలంటున్నాను.

పువ్వు నచ్చితే ఫోన్‌లో ఫొటో తీసుకోవచ్చు కదా, గంటల తరబడి కూర్చోవడం ఎందుకని మీ కార్యాలయంలోనే ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతికినవాళ్లున్నారు. అమెరికాలోని ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరిని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఫొటో తీయమని, కొన్నిటిని ఊరికే చూడమని చెప్పారు. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువుల కంటే కళ్లతో చూసినవే వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి. 2014లో అచ్చయిన ఈ అధ్యయనంలోనే మరో సంగతి కూడా ఉంది. వస్తువులో ఒక భాగాన్ని దగ్గరకు లాగి ఫొటో తీసినప్పుడు జ్ఞాపకానికి ఆ నష్టం కలగలేదు. అంటే కెమెరాను నిందించి లాభం లేదు, గమనింపు ఎంతన్నదాన్ని బట్టి జ్ఞాపకం ఉంటుంది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక మాటను రాసుకున్నవాళ్ల కంటే దాని బొమ్మ గీసుకున్నవాళ్లు దాన్ని బాగా గుర్తుపెట్టుకున్నారు. గీసిన బొమ్మ చక్కగా వచ్చిందా వంకరగా వచ్చిందా అన్నదానితో ఈ ఫలితానికి సంబంధం లేదని తేలింది. నా వాదానికి ఇది చాలా ముఖ్యం. నేను అడుగుతున్న చోటు చిత్రకారులకు మాత్రమే పనికొచ్చేదైతే ఊరి సొమ్ము అడిగే అధికారం నాకుండేది కాదు. గీతలు సరిగా రాని తొమ్మిదో తరగతి పిల్లకూ, పదవీ విరమణ చేసిన విద్యుత్ ఉద్యోగికీ అది అంతే పనికొస్తుంది.

గులాబీనే తీసుకోండి. రోజూ చూసే పువ్వే. దాని మొగ్గ కింద ఐదు రక్షక పత్రాలుంటాయని బడిలో చదువుకుంటాం. ఆ ఐదూ ఒకేలా ఉండవని పుస్తకం చెప్పదు. చాలా రకాల్లో రెండింటికి రెండు అంచులా కుచ్చులుంటాయి, రెండింటి అంచులు నున్నగా ఉంటాయి, ఐదోదానికి ఒక పక్క కుచ్చు ఉండి రెండో పక్క ఉండదు. మొగ్గలో అవి ఒకదాని మీద ఒకటి ముడుచుకున్న క్రమమే అందుకు కారణం: పైకి తేలిన అంచుకు కుచ్చు వస్తుంది, లోపలికి దూరిన అంచు నున్నగా ఉండిపోతుంది. ఏళ్ల తరబడి గులాబీలు తలలో పెట్టుకున్నవాళ్లకైనా ఇది కంటబడకపోవచ్చు. పెన్సిల్ పట్టి ఆ అంచును గీయబోయినవాడికి పది నిమిషాల్లో కంటబడుతుంది. ముల్లు సంగతీ అంతే. నిమ్మముల్లు కొమ్మ కలపలోంచి వస్తుంది, గులాబీ ముల్లు తొక్క మీద పుడుతుంది. అందుకే పక్కకు నొక్కితే శుభ్రంగా ఊడి వస్తుంది. బొమ్మలో ముల్లు మొదలు వెడల్పుగా వేయాలా సన్నగా వేయాలా అన్న సందేహం వచ్చినవాడు మొక్కను మళ్లీ చూడక తప్పదు. చాలా రకాల్లో లేత చిగురు పచ్చగా ఉండదని, ముదురు ఎరుపుగా పుట్టి ఆకు ముదిరేకొద్దీ పచ్చబడుతుందని రంగు కలిపేటప్పుడే తెలుస్తుంది. వృక్షశాస్త్రం టీచరు వారం రోజులు చెప్పే పాఠం ఒక పూటలో చేతివేళ్లలోంచి లోపలికి దిగుతుంది.

ఇందులో నీటిరంగులు నేర్పేది ఇంకాస్త ఎక్కువ. నూనెరంగుల్లో తెలుపును పైనుంచి పూయవచ్చు. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. వెలుగు పడే రేకును ముందే గుర్తుపెట్టుకుని అక్కడ కుంచె తగలకుండా వదిలేయాలి, ఒకసారి రంగు పడ్డాక ఆ వెలుగు తిరిగి రాదు. అందువల్ల కుంచె ముట్టుకోకముందే చాలాసేపు చూడాల్సి వస్తుంది. తెల్ల గులాబీ నీడ బూడిదరంగులో ఉంటుందని అందరం అనుకుంటాం. ఆరుబయట కూర్చుని చూస్తే ఆ నీడలో కింది ఆకుల పచ్చ, పై ఆకాశపు నీలం కలిసి ఉంటాయి. గదిలో ఫొటో పెట్టుకుని వేస్తే ఇది దొరకదు, ఎందుకంటే ఫోన్ కెమెరా ఎరుపును ముద్దగా, నీడను నల్లగా మార్చేస్తుంది. ఎండ కదులుతున్నకొద్దీ నీడ జరుగుతుంటుంది కనుక ఎక్కడో ఒకచోట నిర్ణయం తీసుకోవాలి. ఆ నిర్ణయం కోసమే బయట కూర్చోవాలి.

ఇదంతా ఎక్కడి అలవాటో తెచ్చి మన నెత్తిన పెట్టడం అనుకోనక్కర్లేదు. తోటలో కూర్చుని మొక్కను చూస్తూ బొమ్మ వేయడంలో తెలుగునేలకు రెండు శతాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి 1793 దాకా సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ తోట పెంచి, స్థానిక చిత్రకారులను పెట్టుకుని, మొక్కలను ఎదురుగా ఉంచి రంగుల్లో వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయిన పుస్తకంలో అలాంటి 300 చిత్రాలున్నాయి. ఎన్నో మొక్కలకు తెలుగు పేర్లు కూడా ఆయన రాసిపెట్టుకున్నాడు. చిత్రకారుల పేర్లు మాత్రం మనకు దక్కలేదు, తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ 300 చిత్రాల్లో మన మోదుగ ఉంది. మన్యంలో వేసవి కూలికి ఆధారమైన తునికి చెట్టు ఉంది. పాల్వంచ చుట్టూ అడవిలో రోజూ కనబడే ఈ చెట్లను ప్రపంచ వృక్షశాస్త్రం తెలుసుకున్నది ఇలాంటి చిత్రాల వల్ల కూడా. ఆ తర్వాత గోదావరి ఒడ్డున, రాజమండ్రి కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగులు వేస్తూ విద్యార్థులకు బొమ్మల మీద ప్రేమ కలిగించాడు. ఆయన చేరదీసినవాళ్లలో దామెర్ల రామారావు ఉన్నాడు, అడివి బాపిరాజు ఉన్నాడు. దామెర్ల 28 ఏళ్లు నిండకుండానే 1925లో పోయినా, ఆయన చిత్రాలు రాజమండ్రి గ్యాలరీలో ఇప్పటికీ ఉన్నాయి. కూల్డ్రే చేసిన సాయం గొప్ప భవనాలు కట్టడం కాదు, పిల్లలు కూర్చుని చూడటానికి వీలు కల్పించడం. గులాబీల మాటకొస్తే, పారిస్‌లో రెడూటే అనే చిత్రకారుడు 1817 నుంచి 1824 దాకా తన గులాబీ చిత్రాల గ్రంథాన్ని అచ్చువేయించాడు. అదే కాలంలో, 1822లో, అక్కడి ప్రకృతిశాస్త్ర మ్యూజియంలో చిత్రలేఖనం నేర్పే పదవిలో చేరాడు. మొక్కల తోటను, బొమ్మల పాఠాన్ని ఒకే ఆవరణలో నడపడానికి అక్కడి ప్రభుత్వానికి అప్పుడే అభ్యంతరం లేకపోయింది.

అయితే మోదుగనీ తునికినీ వేయమనకుండా గులాబీ ఎందుకంటున్నారని గట్టిగా అడిగేవాళ్లుంటారు. అడవి పక్కన ఉండి నర్సరీ పువ్వు కోసం పాకులాడటమేమిటని వాళ్ల బాధ. ఆ బాధ నాకూ అర్థమవుతుంది. కాని అడవిలో కూర్చోవడం అంత తేలిక కాదు. పాల్వంచకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో కిన్నెరసాని జలాశయం ఉంది, దాని చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. అది సరైన నియమమే, మొసళ్లున్న నీటి పక్కన పిల్లలను రంగుల డబ్బాతో కూర్చోబెట్టమని నేనడగను. కిన్నెరసాని మీద విశ్వనాథ సత్యనారాయణ పాటలు కట్టారు, ఆ వాగును రంగుల్లో పెట్టేవాళ్లు కూడా రావాలి. కాని వాళ్ల చేయి ముందు ఎక్కడో తిరగాలి. అందుకు ఊరి మధ్యలో, ఆటోలో పావుగంటలో చేరగల చోట, అనుమతి అక్కర్లేని మొక్కలు కావాలి. గులాబీ ఆ పనికి బాగా సరిపోతుంది. మొగ్గ, సగం విచ్చిన పువ్వు, రాలిపోతున్న పువ్వు, కాయ అన్నీ ఒకే పొదలో, కూర్చున్నవాడి కంటి ఎత్తులో దొరుకుతాయి. మోదుగ పూసేది ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అదీ చెట్టు నెత్తిన. డిసెంబరు, జనవరి నెలల్లో గులాబీ మీద చేయి తిప్పుకున్నవాడు ఫిబ్రవరిలో రోడ్డు పక్క మోదుగను ఎదుర్కోగలడు. వీలైతే గులాబీ మడుల అంచునే రెండు మోదుగలు, ఒక తునికి నాటించండి. రెంటికీ తగువు పెట్టాల్సిన పనే లేదు.

ఎండ సంగతి కూడా చెప్పాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో గులాబీ బతుకుతుందా, నీళ్లెక్కడివి అంటారు. వేసవి పువ్వు చిన్నదైపోయి ఒక్క పూటలో వాడిపోతుంది, నిజమే. దసరా దాటాక అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు వారాలకు, అంటే డిసెంబరు మొదటి వారాలకు, నిండుగా పూస్తుంది. ఫిబ్రవరి దాకా ఆ పూత నడుస్తుంది. నీటిరంగులకూ ఈ నేలలో అదే కాలం. మేలో కుంచె కాగితం చివరిదాకా వెళ్లేలోపే మొదటి గీత ఆరిపోయి మరక కడుతుంది, జులైలో వేసిన పూత గంటకైనా ఆరదు. శీతాకాలపు ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర మధ్య కాగితం మన మాట వింటుంది, ఎండ ఏటవాలుగా పడి రేకుల గుండ్రదనం కనబడుతుంది. కాబట్టి ఏడాది పొడవునా పూలు చూపించాలన్న పంతం వద్దు. వేసవిలో మొక్కను బతికించడానికి మొదళ్లలో ఎండుగడ్డి కప్పి, డ్రిప్ పెడితే చాలు, పూయించడానికి నీళ్లు తగలెయ్యక్కర్లేదు. మొక్కలకు కడియం నర్సరీలు దూరమేమీ కాదు. వేడి తట్టుకునే గులాబీల కోసం జీవితాన్ని వెచ్చించినవాళ్లు కూడా మనకున్నారు. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎం.ఎస్. వీరరాఘవన్, ఉద్యోగం వదిలి కొడైకెనాల్‌లో స్థిరపడి, మన దేశపు అడవి గులాబీలతో సంకరం చేసి వెచ్చటి ప్రాంతాలకు పనికొచ్చే రకాలు తయారు చేశారు. అధికారి కుర్చీలో కూర్చున్నవారికి గులాబీ పనికిమాలిన వ్యాపకం అనిపించనక్కర్లేదని గుర్తు చేయడానికే ఆ పేరు చెప్పాను.

చండీగఢ్‌లో 1967లో పెట్టిన గులాబీ తోట ముప్ఫై ఎకరాలు. మన హైదరాబాదులోనే పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పేరు దానికి పెట్టారు. ఊటీ తోట 1995లో వచ్చింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున సంజీవయ్య పార్కులో గులాబీల విభాగం ఉంది. వాటితో పోటీ పడమని అడగడం లేదు. రకాల సంఖ్య చెప్పుకోవడానికి పెట్టే తోటలో మొక్కలు వరసలు కట్టి నిలబడతాయి, వాటి మధ్య కూర్చునే జాగా ఉండదు. మనకు పాతిక రకాలు చాలు. మడికీ మడికీ మధ్య ఆరడుగుల ఖాళీ మాత్రం వదలాలి, పడమట వైపు ఒక వేపచెట్టు నీడ ఉండాలి.

రోడ్లు, మురుగుకాల్వలు, మంచినీళ్లు ఉండగా ఇదా ముందు అనేవారికి నా జవాబు చిన్నది. మురుగుకాల్వ కంటే ఇది ముందని నేననడం లేదు. పార్కు ఎలాగూ ఉంది, తోటమాలి ఎలాగూ ఉన్నాడు, పచ్చదనం పద్దు ఎలాగూ ఉంది. ఒక ఉత్తర్వుకు కాల్వ సొమ్ములోంచి రూపాయి పోదు. ఇక అల్లరి పెరుగుతుందని, జంటలు చేరతాయని, పూలు కోసుకుపోతారని భయపడేవాళ్లకు విలియం వైట్ అనే పరిశోధకుడి పని చూడమంటాను. ఆయన న్యూయార్క్ కూడళ్లను ఏళ్ల తరబడి గమనించి 1980లో పుస్తకం వేశాడు. మనుషులు సుఖంగా కూర్చోగలిగిన చోటికి మరింత మంది వస్తారని, అలా నిండుగా ఉన్న చోటే క్షేమంగా ఉంటుందని ఆయన చూపించాడు. ఆదివారం ఉదయం పదిమంది అట్టలు పట్టుకుని కూర్చున్న చోట పూలు తెంపడం కష్టం. ఆడపిల్లలు ఒంటరిగా వచ్చి రెండు గంటలు ఉండగలిగే బహిరంగ స్థలాలు మన ఊళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు, ఇది వాటిలో ఒకటి కాగలదు. చేతిలో పని ఉన్న మనిషిని ఇక్కడెందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. రంగునీళ్లు మడుల్లో పోస్తారన్నది ఒక్కటే నిజమైన అభ్యంతరం. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్టు వంటి లోహాలుంటాయి. అందుకు ఒక మూతబిందె పెట్టించి, వాడిన నీళ్లు అందులోనే పోయాలని నియమం రాయండి.

పాల్వంచకు ఈ అలవాటు కావాలనడానికి ఇంకో కారణం ఉంది. 2024 ఆగస్టు 5న కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత ప్లాంటు ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి పడగొట్టారు. మూడు తరాలు వాటిని చూస్తూ పెరిగాయి. ఊరికి దారి చెప్పాలన్నా, దూరం అంచనా కట్టాలన్నా అవే గుర్తు. కూల్చిన క్షణాల వీడియోలు అందరి ఫోన్లలోనూ ఉన్నాయి. కాని అవి నిలబడి ఉన్నన్నాళ్లూ ఏ ఉదయం ఏ రంగులో కనబడేవి, వానాకాలంలో వాటి ఆవిరి మబ్బుల్లో ఎక్కడ కలిసేది అన్నది తీరిగ్గా చూసి కాగితం మీద పెట్టిన పనులు ఎన్ని మిగిలాయి? ఊరు వేగంగా మారుతోంది, ఇంకా మారుతుంది. చూసి గీసుకోవడం తెలిసిన యాభై మంది ఉంటే ఊరికి తన రూపం తన దగ్గర ఉంటుంది. 2007లో సియాటిల్ పత్రికాచిత్రకారుడు గాబ్రియేల్ కాంపనారియో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందాలు ప్రపంచమంతా చేస్తున్న పని ఇదే: అక్కడికక్కడ కూర్చుని తమ ఊరిని గీయడం. టవర్ గీయాలంటే నిలువుగీత భయం పోవాలి, పిల్లలకు ఆ భయం పోయేది పువ్వు దగ్గరే.

కాబట్టి ఈ వానాకాలంలో మడులు తవ్వించి, అంటు మొక్కలు నాటించండి. మొదటి ఏడాది పూలు తక్కువే వస్తాయి, దానికి తోటమాలిని తప్పుపట్టవద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా గేటు ఉదయం ఆరున్నరకే తెరిపించండి. మడుల ముందు ఒక కుళాయి, పూల వైపు తిరిగిన నాలుగు బల్లలు వేయించండి. ప్రతి మొక్క దగ్గరా దాని రకం పేరు తెలుగులో రాయించండి. ప్రభుత్వ బడుల డ్రాయింగు టీచర్లు, గురుకులాల కోయ పిల్లలు ముందుగా ఉత్తరం రాయకుండానే రావచ్చని విద్యాశాఖకు, గిరిజన సంక్షేమ శాఖకు తెలియజేయండి. గేటు దగ్గరి బోర్డు మీద, చేయకూడని పనుల జాబితాకు పైన, ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో రాయించండి: ఇక్కడ ఎవరైనా కూర్చుని బొమ్మ వేసుకోవచ్చు, అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
పాల్వంచ పౌరుడు